గోరుచుట్టు: కారణాలు, చికిత్స

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత తెలుగువారికి చిన్ననాటినుండి వినికిలో ఉన్నదే. కష్టం మీద కష్టం వచ్చిపడినప్పుడు ఈ మాట అంటారు. అయితే శరీరానికి వచ్చే ఇన్ని బాధలలో ఆ సామెత గోరుచుట్టునే ఎందుకు ఏరుకున్నది? వీపు మీద లేచే సెగగడ్డ దీనికన్న ఎన్నోరెట్లు పెద్దది. గోరుచుట్టు చూపుకు కందిగింజంత వాపు మాత్రమే. అయినా అన్నం కలపనివ్వదు, కలం పట్టనివ్వదు, రాత్రి కన్ను మూయనివ్వదు. పూర్వులు అనుభవంతో కనిపెట్టిన ఈ వింతకు శరీర నిర్మాణంలో స్పష్టమైన కారణాలున్నవి. ఆ కారణాలను తెలుసుకుంటే ఏ గోరుచుట్టుకు ఇంట్లో కాపడం చాలు, దేనికి వైద్యుని కత్తి కావాలి, దేనిని కత్తితో తాకనే రాదు అన్నది కూడ తెలిసివస్తుంది. ఒకే పేరుతో పిలిచే ఈ బాధలో మూడు నాలుగు వేర్వేరు వ్యాధులు దాగి ఉన్నవి. ఒకదానికి మేలు చేసే చికిత్స మరొకదానికి కీడు చేస్తుంది.

ముందుగా గోటి నిర్మాణం చూద్దాం. గోరు చర్మానికి తెచ్చి అతికించిన వస్తువు కాదు. చర్మకణాలే గట్టిపడి ఏర్పడిన పలక. వెంట్రుకలలోను, పశువుల గిట్టలలోను ఉండే కెరటిన్ అనే మాంసకృత్తే దీనిలోను ఉన్నది. గోరు పుట్టేచోటు మన కంటికి కనబడదు. వేలి పైభాగపు చర్మం ముందుకు వచ్చి గోటి మొదలును ఒక మడతవలె కప్పుతుంది. ఆ మడత కింద గోటి మూలం ఉంటుంది. బొటనవేలి గోటి మొదట కనిపించే తెల్లని నెలవంక ఈ మూలం యొక్క ముందుభాగమే. మూలంలో పుట్టిన కణాలు ఒకదాని నొకటి నెట్టుకుంటూ, ఎండి గట్టిపడి, పలకగా ముందుకు జరుగుతాయి.

గట్టి పలకకు, మెత్తని మడతకు మధ్య సన్నని సందు ఉండక తప్పదు. ఆ సందును మూసి ఉంచేది మడత అంచునుండి సాగి గోటికి అంటుకొని ఉండే పలుచని పొర. దీనిని క్యూటికల్ అంటారు. కిటికీ అద్దానికి, చట్రానికి మధ్య వడ్రంగి పెట్టే లప్పం వంటిది ఇది. లప్పం ఉన్నంతకాలం వాన నీరు లోపలికి రాదు. క్యూటికల్ చెక్కుచెదరనంతకాలం సూక్ష్మజీవులు గోటి మడతలోకి ప్రవేశించలేవు. అందుకోసం మొనగల పనిముట్లతో ఈ పొరను వెనక్కు నెట్టడం, కత్తిరించడం మంచి అలవాటు కాదు.

గోరుచుట్టు సాధారణంగా ఈ పొర చిరిగినచోటనే ఆరంభమవుతుంది. గోటి పక్కన లేచి నిలిచిన తోలుముక్కను పళ్ళతో పట్టి లాగడం అన్నిటికన్న తరచుగా కనిపించే కారణం. చేపముల్లు, తుమ్మముల్లు, సూదిమొన గుచ్చుకోవడం మరొకటి. గోళ్ళు కొరికే పిల్లలకు, వేలు చీకే పసివారికి ఇది పదేపదే రావడం వింత కాదు. నోటిలో సహజంగా నివసించే బాక్టీరియాలు పళ్ళు చేసిన గాయంలోనే నేరుగా నాటుకుంటాయి. అయితే ఎక్కువ సందర్భాలలో నేరస్థుడు స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే గోళాకారపు బాక్టీరియా. ఇది ఆరోగ్యవంతుల ముక్కులోను, చర్మంమీదను హాని చేయకుండ కాపురముంటుంది. తలుపు తెరిచి ఉంటేనే లోపలికి వస్తుంది. స్ట్రెప్టోకాకస్ జాతివి కూడ అప్పుడప్పుడు తోడవుతాయి.

సూక్ష్మజీవులు లోపల ప్రవేశించిన కొద్ది గంటలకే శరీరం ఎదురుదాడి ఆరంభిస్తుంది. ఆ చోటి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి; వాటి గోడల గుండా ద్రవం, తెల్ల రక్తకణాలు బయటికి వస్తాయి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను ఒకటవ శతాబ్దిలోనే రోము నగరానికి చెందిన సెల్సస్ తన వైద్యగ్రంథంలో వరుసగా పేర్కొన్నాడు. వాటిలో నాలుగవది ఎందుకు కలుగుతుందో తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. దెబ్బతిన్న కణజాలం నుండి బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్‌లు అనే రసాయనాలు వెలువడి, నొప్పిని తెలిపే నరాల కొసలను రెచ్చగొడతాయి. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీని ఆపివేస్తుందని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ నిరూపించాడు. ఆ పరిశోధనకు 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పిల్లలకు మాత్రం ఆస్పిరిన్ ఇవ్వరాదు. అరుదుగానైనా మెదడుకు, కాలేయానికి ప్రమాదం కలిగే అవకాశం ఉన్నది. వారికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు.

కాని ఈ రసాయనాలు సెగగడ్డలోను ఉంటాయి, చెవిపోటులోను ఉంటాయి. గోరుచుట్టుకు ప్రత్యేకమైనవి మరి రెండు ఉన్నవి. ఒకటి నరాల రద్దీ. 1834లో జర్మనీలో లైప్‌జిగ్ నగరపు ఆచార్యుడు ఎర్నస్ట్ హైన్రిఖ్ వెబర్ ఒక తేలికైన ప్రయోగం ప్రకటించాడు. దానిని ఏ పాఠశాలలోనైనా చేయవచ్చు. జామితి పెట్టెలోని విభాగిని మొనలకు చిన్న మైనపు ముద్దలు పెట్టి, కళ్ళు మూసుకున్న విద్యార్థి చర్మానికి రెండు మొనలనూ ఒకేసారి మెత్తగా ఆనించాలి. వేలికొన మీద మొనల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల దూరం ఉన్నా రెండు స్పర్శలని చెబుతాడు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల దూరం ఉన్నా ఒకటే అంటాడు. వేలికొనలో నరాల కొసలు అంత దట్టంగా ఉన్నవి. మెదడులో కూడ చేతికి కేటాయించిన స్థలం చాల ఎక్కువ. 1937లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పెన్‌ఫీల్డ్, బోల్‌డ్రీ అనే శస్త్రవైద్యులు మెదడు ఉపరితలాన్ని విద్యుత్తుతో తాకి ఈ సంగతి పటంగా గీసి చూపించారు. సూదిలో దారం ఎక్కించగల నేర్పుకు మనం చెల్లించే మూల్యం ఈ నొప్పి.

రెండవది చోటు లేకపోవడం. వీపుమీద గడ్డ లేచినప్పుడు చర్మం కింద కొవ్వు ఉన్నది, సాగడానికి వీలున్నది. గోటి కింద కొవ్వు పొర లేదు. గోటి పీఠం వేలి ఎముకకు నేరుగా అతుక్కొని ఉన్నది. పైన గట్టి పలక, కింద ఎముక, పక్కన బిగువైన మడత. ఈ ఇరుకులో ఒక చుక్క చీము చేరినా పీడనం పెరుగుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారి మరికొంత రక్తం అక్కడికి తోసుకొని వస్తుంది, గోడలు సాగవు. గోరుచుట్టు నాడి కొట్టినట్లు సలపడానికి కారణం ఇదే. చేయి కిందికి వేలాడదీస్తే సలపరం హెచ్చుతుంది, పైకెత్తితే తగ్గుతుంది. దీనిని భౌతికశాస్త్రం తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చు. వేలు గుండె మట్టానికి అర మీటరు దిగువన ఉన్నదనుకుందాం. రక్తం సాంద్రత 1.06, పాదరసం సాంద్రత 13.6. అర మీటరు రక్తపు స్తంభం సుమారు 39 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. అంత అదనపు పీడనం అప్పటికే బిగిసిన వేలిపై పడుతున్నదన్నమాట. గోరుచుట్టు వచ్చినవాడు చేయి ఎత్తి పట్టుకొని తిరుగుతూ ఉంటే నవ్వే ఇరుగుపొరుగువారికి ఈ లెక్క చూపించవచ్చు.

చికిత్స కూడ ఈ పీడనం కథనుండే వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు, మడత ఎర్రబడి నొప్పిగా ఉండి, ఇంకా చీము పట్టకముందు, వేడినీటి కాపడం మంచి చికిత్స. చేయి ఓర్చుకోగల గోరువెచ్చని నీటిలో వేలిని 10 నుండి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు ముంచి, తరువాత శుభ్రమైన గుడ్డతో పొడిగా తుడవాలి. వేడికి రక్తప్రసారం హెచ్చి తెల్ల రక్తకణాలు ఎక్కువగా చేరుతాయి. చాల గోరుచుట్లు ఇక్కడే వెనుకకు మళ్ళుతాయి. మధుమేహం వల్ల చేతుల స్పర్శ మందగించినవారు నీటి వేడిని మరొకరిచేత చూపించుకోవాలి. లేకపోతే కాపడమే కాలిన గాయమవుతుంది.

చీము పట్టిన తరువాత సంగతి వేరు. వాపు పసుపు తెలుపు రంగుకు తిరుగుతుంది. వేలికొన మెత్తని భాగాన్ని ముందునుండి మెల్లగా నొక్కితే, చీము ఉన్నంతమేర చర్మం పాలిపోయి దాని హద్దు తెలుస్తుంది. ఈ దశలో చీమును బయటికి పంపడమే చికిత్స. వైద్యుడు వేలి మొదట మత్తు సూది ఇచ్చి, గోటికి మడతకు మధ్య సందులోనుంచి సన్నని పనిముట్టు దూర్చి మడతను పైకెత్తుతాడు. చాలసార్లు చర్మం కోయవలసిన పని కూడ ఉండదు. చీము గోటి కిందికి పాకితే గోటిలో కొంత భాగం తీస్తారు. చీము బయటపడిన కొద్ది నిమిషాలకే రోగి ముఖం తేటపడుతుంది. పీడనం పోయింది గనుక. ఆంటీబయాటిక్ బిళ్ళలతోనే పని జరగదా అని చాలమంది అడుగుతారు. రక్తం ద్వారా వెళ్ళే మందు రక్తనాళాలు లేని చీముగుంటలోకి చాలినంతగా చేరదు. చీము పూర్తిగా బయటికి పోయిన ఆరోగ్యవంతునికి తరచుగా ఆ బిళ్ళల అవసరమే ఉండదు. ఎరుపు వేలి పొడుగునా పాకినా, జ్వరం వచ్చినా, రోగికి మధుమేహం ఉన్నా అవి అవసరం. దుకాణంలో అడిగి రెండు బిళ్ళలు మింగి ఊరుకోవడం మాత్రం రోగికి మేలు చేయదు. మందుకు లొంగని స్టాఫిలోకాకస్‌లను పెంచడానికి తోడ్పడుతుంది. పెన్సిలిన్ వాడుకలోకి వచ్చిన 1940ల దశకంలోనే అట్టి రకాలు ఆస్పత్రులలో తలయెత్తాయి.

మన ఇళ్ళలో గోరుచుట్టుకు నిమ్మకాయ వైద్యం ప్రసిద్ధం. కాయకు తొలి చేసి, కొందరు పసుపో ఉప్పో కూరి, వేలికి టోపీవలె తొడుగుతారు. దీనిని మూఢాచారమని కొట్టివేయనక్కరలేదు. పులుపు గల చోట కొన్ని బాక్టీరియాలు సరిగా పెరగవు. అంతకన్న ముఖ్యంగా, నిమ్మకాయ తొడిగిన వేలిని మనిషి కదలించడు, దేనికీ తగలనివ్వడు. సామెతలోని రోకటిపోటు తప్పుతుంది. కాని లోపల చేరిన చీమును నిమ్మకాయ బయటికి తీయలేదు. రోజుల తరబడి తడిలో నానిన చర్మం మెత్తబడి మరింత తేలికగా చిరుగుతుంది. కనుక చీము కనబడిన తరువాత నిమ్మకాయతో కాలం గడపడం నష్టం. పేడ, మట్టి, బూడిద వంటివి పూయడం మాత్రం ఎంతమాత్రం పనికిరాదు. మట్టిలోను పేడలోను ధనుర్వాతం కలిగించే బాక్టీరియా బీజాలుంటాయి. ముల్లు గుచ్చుకొని వచ్చిన గోరుచుట్టు అయితే ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నదీ చూసుకోవాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది? వేలికొన అరచేతివైపు మెత్తని భాగం లోపల ఒకే సంచి కాదు. చర్మంనుండి ఎముకకు సాగిన గట్టి నారలు దానిని అనేక చిన్న గదులుగా విభజిస్తాయి. చీము ఈ గదులలోకి చేరితే వేలికొన ఉబ్బి రాయివలె గట్టిపడుతుంది. ఆ పీడనానికి సన్నని రక్తనాళాలు నలిగి, ఎముక కొసకు రక్తం అందక అది కుళ్ళిపోవచ్చు. ఇంకా లోపలికి పోతే వేలిని వంచే స్నాయువు చుట్టూ ఉండే తొడుగులో చీము చేరుతుంది. షికాగో శస్త్రవైద్యుడు ఆలెన్ కానవెల్ చేతి వ్యాధులపై 1912లో ప్రకటించిన గ్రంథం ఈ విషయంలో దారి చూపింది. ఆయన పేరుతో నేటికీ చెప్పుకునే లక్షణాలు నాలుగు: వేలు కొంచెం వంగి ఉండడం, వేలంతా ఒకేరీతిగా ఉబ్బడం, అరచేతివైపు స్నాయువు పొడుగునా నొక్కితే నొప్పి, వేలిని చాచబోతే భరించరాని బాధ. ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

వేలి గాయం ప్రాణం తీయగలదా అన్న సందేహానికి వైద్య చరిత్రలో విషాదకరమైన సమాధానం ఉన్నది. 1847 మార్చిలో వియన్నాలో జాకబ్ కొలెచ్కా అనే వైద్యాచార్యుడు శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి చేతి కత్తి ఆయన వేలికి గుచ్చుకున్నది. కొద్దిదినాలలోనే విషజ్వరంతో మరణించాడు. ఆయన మిత్రుడు సెమ్మెల్‌వైస్ శవపరీక్ష నివేదిక చదివి, ప్రసూతి వార్డులో బాలింతలను చంపుతున్న జ్వరం కూడ ఇట్టిదేనని గ్రహించాడు. శవాలను కోసిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేస్తున్నారు! ఆ ఏడు మే నెలనుండి వార్డులోకి వచ్చేవారందరూ క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడగాలని నియమం పెట్టాడు. మరణాలు అమాంతంగా తగ్గాయి. చేతులు కడుక్కోవడమనే అలవాటు వైద్యంలో ప్రవేశించడానికి ఒక వేలి గాయం కారణమైంది.

ఇంతవరకు చెప్పినది రోజుల్లో వచ్చి రోజుల్లో పోయే గోరుచుట్టు. ఆరు వారాలు దాటినా మానని దీర్ఘకాలపు గోరుచుట్టు వేరొక జాతి. ఇది ఒక వేలికి పరిమితం కాదు. మడతలు ఉబ్బి, గోటినుండి విడిపోయి, క్యూటికల్ పూర్తిగా మాయమవుతుంది. గోరు మీద అడ్డంగా గాడులు పడతాయి. సలపరం తక్కువ, కాని బాధ తెగదు. అంట్లు తోమేవారు, బట్టలుతికేవారు, హోటళ్ళలో వంటవారు, చేపలు కోసేవారు, బురదచేలో నాట్లు వేసే స్త్రీలు దీనికి ఎక్కువగా గురి అవుతారు. పగలంతా నీటిలో నాని, సబ్బు సోడాలకు ఒరుసుకొని లప్పం ఊడిపోయిన కిటికీలు వారి వేళ్ళు. తెరిచిన సందులో కాండిడా అనే శిలీంధ్రం చేరుతుంది. కొన్నిటిలో సూడోమొనాస్ అనే బాక్టీరియా చేరి గోటికి ఆకుపచ్చ రంగు తెస్తుంది.

శిలీంధ్రం కనబడింది గనుక అదే కారణమని చాలకాలం వైద్యులు భావించి దానిని చంపే మందులే ఇస్తూ వచ్చారు. అయితే 2002లో ఇటలీ పరిశోధకులు కొందరు రోగులకు శిలీంధ్రాన్ని చంపే బిళ్ళలు, మరికొందరికి స్టీరాయిడ్ లేపనం ఇచ్చి పోల్చి చూడగా, లేపనమే ఎక్కువ గుణమిచ్చింది. కాండిడా వచ్చి చేరిన అతిథి మాత్రమే, అసలు వ్యాధి నీరు, సబ్బు కలిగించిన చర్మపు వాపు అని దీనివల్ల బలపడింది. కనుక వైద్యుని సలహాతో లేపనం, అంతకన్న ముఖ్యంగా చేతులను పొడిగా ఉంచడం ఇక్కడ చికిత్స. తడిపనికి రబ్బరు తొడుగులు, వాటి లోపల చెమట పీల్చే నూలు తొడుగులు ధరించాలి. పని కాగానే చేతులు తుడిచి వాసలిన్ వంటిది రాయాలి. క్యూటికల్ తిరిగి ఏర్పడడానికి నెలలు పడుతుంది. రోజంతా నీళ్ళలో పనిచేసి బ్రతికేవారికి చేతులు తడవరాదని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. తొడుగులు కొనిచ్చే బాధ్యత పని చేయించుకునేవారిదని కూడ వైద్యుడు చెప్పవలసి ఉంటుంది. మొదటి రకానికి మేలు చేసిన వేడినీటి కాపడం ఈ రకానికి పనికిరాదని ఇప్పటికే పాఠకులు ఊహించి ఉంటారు.

మూడవ రకం కత్తితో తాకరానిది. పెదవిపై పొక్కులు కలిగించే హెర్పిస్ వైరసే అప్పుడప్పుడు వేలికి సోకుతుంది. నోటిపుండ్లున్న పిల్లవాడు వేలు చీకినా, వైద్యులు, నర్సులు తొడుగులు లేకుండ రోగి నోటిని తాకినా రావచ్చు. ముందు మంట, జిలపుట్టి, తరువాత చిన్నచిన్న నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. వేలి పరిమాణానికి మించిన నొప్పి ఉంటుంది. లోపల ఉన్నది చీము కాదు, నీరు. చీమనుకొని కోస్తే ప్రయోజనం లేకపోగా, వైరస్ వ్యాపించవచ్చు, ఆ గాయంలో బాక్టీరియా కూడ చేరవచ్చు. ముట్టకుండా కప్పి ఉంచితే రెండు మూడు వారాలలో దానంతట అదే మానుతుంది. తొలిదినాలలో వైద్యులు వైరస్ మందు ఇవ్వవచ్చు. అది మానేవరకు ఆ చేయి పసిపిల్లల నోటికి, కంటికి తగలరాదు.

గోటి వద్ద నొప్పి అంతా గోరుచుట్టు కాదు. నిజంగానే రోకటిపోటు పడి గోటి కింద రక్తం గడ్డకట్టి నల్లబడితే, వైద్యుడు గోటికి చిన్న రంధ్రం చేసి రక్తాన్ని వదులుతాడు. ఇక్కడ కూడ బాధకు మూలం పీడనమే. వాపూ ఎరుపూ లేకుండ, చల్లనినీరు తగలగానే ఒకే బిందువు దగ్గర ప్రాణం పోయినంత నొప్పి వస్తుంటే, అది గోటి కింద రక్తనాళాలనుండి పుట్టిన చిన్న గ్లోమస్ కంతి కావచ్చు. 1924లో పియేర్ మాసన్ దీనిని వర్ణించాడు. ఏళ్ళ తరబడి ఎవరూ నమ్మని ఈ నొప్పి కంతి తీయగానే పోతుంది. ఒకే వేలికి నెలల తరబడి మానని పుండు, గోటి మీద కొత్తగా పుట్టి వెడల్పయ్యే నల్లని చార ఉంటే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి.

చీము తీసిన తరువాత గోరు ఊడినా దిగులు పడనవసరం లేదు. మూలం చెడకుంటే కొత్త గోరు వస్తుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది; పూర్తిగా రావడానికి దాదాపు ఆరు నెలలు. వాపు ఒత్తిడికి మూలం కొంతకాలం మందగించి ఉంటే, ఆ గుర్తు గోటిమీద అడ్డగాడిగా మిగిలి ముందుకు జరుగుతూ ఉంటుంది. గాడి గోటి మొదటినుండి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే వ్యాధి వచ్చి రెండునెలలు దాటిందని లెక్క కట్టవచ్చు. విలియం బీన్ అనే అమెరికను వైద్యుడు 1941 నుండి ప్రతినెలా తన బొటనవేలి గోటిమీద ఆకురాయితో గీత పెట్టి, అది ఎన్నిరోజులకు చివరకు చేరుతుందో 35 ఏళ్ళపాటు కొలిచాడు. 32వ ఏట రోజుకు 0.123 మిల్లీమీటర్లు పెరిగిన గోరు 67వ ఏట 0.095 మిల్లీమీటర్లకు తగ్గింది.